ఇరవయ్యో టేకు

పొద్దున్న ఏడున్నరకి ఆ ఇంట్లో మూడు గొంతులు లేచాయి. స్నానాలగదిలో గంభీరం ఖంగుఖంగుమని గొంతు సవరించుకుంటున్నాడు. వంటింట్లో చంటి గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తోంది. ముందుగదిలో అత్తగారు, ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన గొంతుతో, కుర్చీ మీద తడి తువ్వాలు పడేసిందెవరని అడుగుతోంది. వీధి చివరిదాకా వినిపిస్తున్న ఆ ప్రశ్న, జవాబు చెప్పాల్సినవాడికి మాత్రం వినిపించడం లేదు.

మొగుడూ పెళ్లాలిద్దరూ సినిమాల్లో తెర మీది మనుషులకి గొంతు అరువిచ్చే డబ్బింగు కళాకారులు. ఆమె మొదట్లో పసిపిల్లల ఏడుపులకి గొంతిచ్చేది కనుక ముప్పై దాటినా స్టూడియోలో అందరికీ చంటే. అతను రౌడీలకి, పోలీసులకి గొంతిచ్చేవాడు కనుక గంభీరం. ఎనిమిదేళ్లు ప్రాణస్నేహితులుగా తిరిగి, పోయినేడు పెళ్లి చేసుకున్నారు. పెళ్లైన కొత్తలో అత్తగారు, "నలుగురిలో వాణ్ణి ఒరేయ్ అనకమ్మా, వినేవాళ్లకి బాగోదు" అంది. ఆవిడ అన్నది అంతే. చంటి అతిజాగ్రత్తకి పోయి, ఇంటా బయటా "ఏవండీ" మొదలుపెట్టింది. మర్యాద పెరిగింది, మాటలు తగ్గాయి.

ఇప్పుడు వాళ్ల చేతిలో ఉన్న సినిమా కూడా అలాంటిదే. ఇద్దరు స్నేహితులు పెళ్లి చేసుకుంటారు. ఆ పెళ్లి వాళ్ల స్నేహానికి రోజుకో పరీక్ష పెడుతుంది. ప్రేమా, నవ్వులూ కలిపిన సినిమా. చంటికి కథానాయిక గొంతు దక్కడం ఇదే మొదలు. రెండో సగంలో పోట్లాటలన్నీ ఇద్దరూ ఒక్క టేకులో పూర్తి చేసేశారు. దర్శకురాలు మురిసిపోయి, "మీరు తిట్టుకుంటుంటే నాకు మా ఇల్లే గుర్తొచ్చింది" అంది.

చిక్కంతా మొదటి సగంలో వచ్చింది. మెట్ల మీద కూర్చుని స్నేహితులిద్దరూ ఒక తలతిక్క యజమానిని తలుచుకుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకోవాలి. ఆ రోజు పదకొండింటికి మొదలుపెడితే, మూడింటికి పంతొమ్మిదో టేకు కూడా పాడైంది.

"ఇద్దరూ బాగానే నవ్వుతున్నారు," అంది దర్శకురాలు నుదురు రుద్దుకుంటూ. "కానీ ఒకళ్లతో ఒకళ్లు నవ్వడం లేదు. పక్కింటివాళ్ల పెళ్లికి పోయి నవ్వినట్టుంది."

"ఇంకొక్కసారి చేస్తాం మేడమ్," అంది చంటి. ఆ మాట సగంలో గొంతు జీరబోయింది.

"వద్దమ్మా. రేపు విడివిడిగా చేద్దాం. పొద్దున ఆయన, మధ్యాహ్నం నువ్వు. అప్పటికీ కుదరకపోతే ఇద్దరిలో ఒకళ్లని మార్చక తప్పదు నాకు."

ఒకళ్లంటే ఎవరో చంటికి తెలుసు. గంభీరం గొంతు పరిశ్రమలో పాతది, తనదే కొత్తది. దారంతా ఇద్దరూ బస్సులో పక్కపక్కనే కూర్చుని చెరో వైపు కిటికీలోంచి బయటికి చూశారు.

ఇంటికొచ్చాక, లోపలున్న తల్లిని లేపడమెందుకని తాళంచెవి కోసం గంభీరం చంటి సంచీలో చెయ్యి పెట్టాడు. చేతికి తాళంచెవి రాలేదు, మాత్రల అట్ట, దానికి చుట్టిన డాక్టరు చీటీ వచ్చాయి. గుమ్మంలోనే నిలబడి చదివాడు. స్వరపేటిక వాపు. వీలైనంత తక్కువ మాట్లాడాలి. అరవకూడదు. తారీఖు చూస్తే మూడు వారాల కిందటిది.

లోపలికొచ్చాక ఆ చీటీ బల్ల మీద పెట్టాడు. "ఏంటిది?"

"చూశారుగా. రాసే ఉంది."

"మూడు వారాలు నాతో ఒక్క ముక్క చెప్పలేదు. నేనేమన్నా పరాయివాణ్ణా?"

"చెబితే మీరేం చేస్తారో తెలుసు కనుక చెప్పలేదు," అంది చంటి. "ఆర్నెల్ల కింద నాకు జ్వరమొస్తే ఏం చేశారు? నన్ను అడక్కుండా స్టూడియోకి ఫోన్ చేసి, మా ఆవిడ రాదని చెప్పేశారు. ఆ పాత్ర వేరేవాళ్లకి పోయింది. పెళ్లికి ముందు జ్వరమొచ్చినప్పుడు ఏం చేశావు? ఫ్లాస్కులో వేణ్ణీళ్లు పట్టుకొచ్చి, నాలుగ్గంటలు స్టూడియో గది బయట కూర్చున్నావు. అప్పుడు ఫ్లాస్కు, ఇప్పుడు ఫోను."

మీరు కాస్తా నువ్వైందని ఇద్దరూ గమనించలేదు. పక్కగదిలో చిక్కుళ్లు ఒలుస్తున్న అత్తగారు మాత్రం గమనించింది.

"నీకు మంచి జరగాలనే చేశాను," అన్నాడు గంభీరం.

"ఎవరికి తెలీదు? అందుకే కదా పోట్లాడ్డానికి కూడా లేకుండా పోయింది. ఇదివరకు ఎవడేం చేసినా నీ దగ్గరికొచ్చి చెప్పుకునేదాన్ని. ఇప్పుడు నువ్వే చేస్తున్నావు. నీ మీద చెప్పుకోవాలంటే నేనెక్కడికి పోనురా?"

గంభీరం కుర్చీలో కూలబడి, నేల చూస్తూ అన్నాడు. "అప్పుడు నీకు జ్వరమొస్తే జాలేసేది. ఇప్పుడు భయమేస్తోంది. భయంలో ఏం చేస్తున్నానో నాకే తెలీడం లేదు."

ఆ మాటకి చంటి కోపం సగం చచ్చింది. మిగతా సగం పౌరుషానికి నిలబెట్టుకుని గదిలోకి వెళ్లిపోయింది. కాసేపటికి అత్తగారు వేణ్ణీళ్ల గ్లాసుతో వచ్చి మంచం అంచున కూర్చుంది.

"నలుగురిలో అనొద్దన్నానే గానీ ఇంట్లో అనొద్దన్నానా తల్లీ?" అంది. "నువ్వు మర్యాద ఇచ్చిన దగ్గర్నుంచీ వాడు పెద్దమనిషిలా పోజు కొడుతున్నాడు. అరిచి గొంతు పాడుచేసుకోకు. తిట్టేదేమన్నా ఉంటే కాగితం మీద రాసివ్వు, నేను చదివి వినిపిస్తాను. నా గొంతు బాగానే ఉందిగా."

చంటికి నవ్వొచ్చింది, దాని వెనకే ఏడుపూ వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం స్టూడియోకి బయల్దేరేసరికి చంటి మాట బొంగురుగానే ఉంది. ఈ గొంతుతో పగలబడి నవ్వడం అయ్యే పని కాదు. అవకాశం చేజారినట్టేనని మనసు గట్టి చేసుకుని మైకు ముందు నిలబడి, హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. పొద్దున గంభీరం చెప్పి వెళ్లిన మాటలు అందులో వినిపిస్తాయి. తను వాటికి జవాబులు చెప్పాలి.

సౌండు ఇంజనీరు పెద్దాయన, అంత నిదానస్తుడూ తొందరలో పొరబడ్డాడు. అనవసరపు మాటలు కోసేసి శుభ్రం చేసిన ట్రాకు బదులు పొద్దున రికార్డైనదంతా పెట్టేశాడు. సన్నివేశం మొదలవకముందే గంభీరం మామూలు గొంతు ఆమె చెవిలో పడింది.

"అన్నా, ఇక్కడ నవ్వు తగ్గిస్తాను. నేను గట్టిగా నవ్వితే తను అంతకంటే గట్టిగా అందుకుంటుంది. గొంతు బాగాలేదు దానికి."

"పొట్ట చెక్కలయ్యే నవ్వు కదయ్యా ఇది?" అంటున్నాడు ఇంజనీరు.

"నిజంగా నవ్వొస్తే తనకసలు శబ్దమే రాదన్నా. కళ్లు మూసుకుని ఊపిరి లోపలికి లాక్కుంటుంది, చివర్లో కీచుమంటుంది. ఎనిమిదేళ్లు చూశాను. అక్కడ మాట్లాడకుండా ఆగుతాను. తన నవ్వుకి చోటుండాలి."

"అంత బాగాలేకపోతే రెండు వారాలు ఆగమని మేడమ్‌కి చెప్పరాదూ?"

మైకు దగ్గర కాగితాలు సర్దిన చప్పుడైంది.

"నేను చెప్పకూడదన్నా. అది తన పని. చెప్పాలో వద్దో తనే చూసుకుంటుంది. నేను చెయ్యగలిగింది ఇదే."

ఇంజనీరు నాలిక్కరుచుకుని ఆపబోయాడు. చంటి ఇద్దరి మధ్యా ఉన్న గాజు అద్దంలోంచి వద్దని చెయ్యి ఊపింది. తెర మీద మెట్లు వచ్చాయి, యజమాని గొడవ వచ్చింది. గంభీరం ఆ తలతిక్కవాణ్ణి అనుకరిస్తూ, సరిగ్గా చెప్పినచోట ఆగాడు. చంటికి కళ్లు మూతపడ్డాయి. ఊపిరి లోపలికి పోయింది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి గానీ శబ్దం రాలేదు, చివర్లో చిన్న కీచు. చెంపల మీద నీళ్లు ఎప్పుడు జారాయో ఆమెకి తెలీదు.

"ఇదే నాకు కావాల్సింది," అంది దర్శకురాలు. "ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా ఈ నవ్వు?"

చంటి అప్పుడే చెప్పేసింది, గొంతు వాచిందని, మిగతా భాగానికి రెండు వారాలు గడువు కావాలని. దర్శకురాలు ఒక్క క్షణం ఆలోచించి, ముందు పాటల పని చూసుకుంటానంది. తను చెప్పలేక మూడు వారాలు నలిగిపోయిన మాట మూడు నిమిషాల్లో తేలిపోయింది.

బయట వరండాలో గంభీరం బల్ల మీద కూర్చుని ఉన్నాడు. పొద్దున పని అయిపోయినా ఇంటికి వెళ్లలేదు. లోపలేం జరిగిందో అడగాలని ఉంది, అడగడానికి భయం. చంటి వెళ్లి పక్కన కూర్చుంది.

"మా ఆయన గురించి ఒక మాట చెప్పుకోవాలి," అంది మెల్లగా. "తీరికుందా?"

గంభీరం ఆమె మొహం చూశాడు. "ఉంది. ఏం చేశాడు?"

"ఏం చెయ్యకుండా ఊరుకున్నాడు. నోరు మూసుకుని, నాకు చోటు వదిలాడు."

"పర్వాలేదే. కుదురుకుంటున్నాడన్నమాట."

"మంచివాడురా. అప్పుడప్పుడూ భయపడతాడంతే." ఆమె అతని భుజానికి భుజం ఆనించింది. "అతన్ని నాకు తెచ్చిచ్చింది నువ్వేగా. థాంక్స్ చెబుదామని."

గంభీరం అరచేత్తో మొహం తుడుచుకున్నాడు. డాక్టరు మళ్లీ ఎప్పుడు రమ్మన్నాడని అడిగాడు.

"ఇవాళే. ఐదింటికి," అంది చంటి. "నువ్వూ రా."