పిక్కల వీధిలో ఖాళీ పీట

పలాసలో పిక్కల వీధి ఎక్కడని ఇప్పుడు ఎవర్నడిగినా చెప్పలేరు. స్టేషన్ వెనక, రైలు కట్ట పక్కన ఉండేది. రోడ్డు వేస్తామని మొత్తం పడగొట్టారు. రోడ్డూ వెయ్యలేదు, మమ్మల్నీ ఉండనివ్వలేదు. ఇళ్ళున్న చోట ఇప్పుడు తుమ్మకంప మొలిచింది. "పోతే పోయిందిలే, కంపు వీధి" అంటాడు మా ఆయన ఢిల్లీరావు. ఆయనది కంచిలి. కొబ్బరితోటల గాలికి పెరిగినోడికి మా వీధి కంపుగానే ఉంటుంది మరి.

కంపు మాట నిజమే. బట్టీలో జీడిపిక్కలు వేయించిన పొగ గొంతులోకి దిగిందంటే ఎంత దగ్గినా పోదు. వేయించిన పిక్కల్ని మా ఆడవాళ్ళు ఇంటికి తెచ్చుకుని, గుమ్మాల ముందు వరసగా పీటలేసుకుని కొట్టి పప్పు తీసేవారు. పిక్కలోంచి కారే జీడి రసం అంటితే చేతులు పుండ్లవుతాయని బూడిద పూసుకునేవారు. పొద్దున లేచింది మొదలు వీధి పొడుగునా టక టక టక. ఆ చప్పుడులోనే నేను పుట్టాను, ఆ చప్పుడులోనే నా పెళ్ళిమాటలూ అయ్యాయి. ఒక మాట రెండుసార్లు అరిస్తే గాని వినపడేది కాదు. అందుకే మా వీధోళ్ళందరికీ గొంతు పెద్దది. నాకూ అంతే, ఎవరేమనుకున్నా నాకేం.

ఆ వరసలో ఒక కట్టుబాటు ఉండేది. పని మధ్యలో ఎవరు లేచినా, చంటిబిడ్డకి పాలివ్వడానికైనా సరే, పీట ఖాళీగా వదలకూడదు. కూతుర్నో కోడల్నో కూర్చోబెట్టి లేవాలి. ఒకరి పప్పు ఒకరు లాక్కోకుండా పెట్టుకున్నార్లే అనేవాడు మా నాన్న. మా అమ్మ రత్నాలమ్మ వేరే చెప్పేది. ఖాళీ పీట మీద ఏదో ఒకటి వచ్చి కూర్చుంటుందట. ఆ పీట ఎవరిదో ఆవిడ మొహమే పెట్టుకుంటుందట. తరవాత ఆ మొహంతో తిన్నగా ఇంటికొస్తుందట. అందుకని నడక వచ్చిన దగ్గర్నించీ అమ్మ లేచినప్పుడల్లా నేను కూర్చునేదాన్ని.

వీధి పోయాక ఊరి బయట కాలనీలో గది తీసుకున్నాం. నాన్న అప్పటికే పోయాడు. అమ్మకి కిడ్నీలు పాడయ్యాయి. మా ఉద్దానం ఊళ్ళల్లో ఇదేమీ కొత్త రోగం కాదు, ఇంటికొకరు ఉంటారు. కాళ్ళు వాచిపోయి గుమ్మం దాకా రావడానికే గోడ పట్టుకునేది. మతి కూడా తప్పింది. సాయంత్రమైతే చాలు, "పిక్కలు వచ్చీసుంతాయే" అని మంచం దిగబోయేది. నేను కసిరేదాన్ని. కోపంతో కాదు, భయంతో. నాకు అన్నదమ్ముల్లేరు, పిల్లల్లేరు. ఈ లోకంలో నన్ను ఇంకా చిన్నపిల్లలా 'గుంటా' అని పిలిచేది ఆవిడొక్కతే.

2006 వానాకాలం. ఢిల్లీరావు ఆటో తీసుకుని మందస కిరాయికెళ్ళాడు. నేను బియ్యం కడుక్కుని లోపలికొచ్చేసరికి అమ్మ మంచం మీద లేదు. కాలనీ అంతా అడిగాను. ఎవరూ చూడలేదన్నారు. ఆ కాళ్ళతో ఎంత దూరం పోతుంది అనుకుంటూనే మెయిన్‌రోడ్డు దాకా వచ్చేశాను. ఎక్కడికి పోయుంటుందో నాకు తెలుసు. తిట్టుకుంటూ స్టేషన్ వైపు నడిచాను.

దీపాలు పెట్టే వేళ. కరెంటు లేదు. రైలు కట్ట దాటేసరికి పొగ వాసన తగిలింది.

పిక్కలు వేయించిన వాసన. గొంతులో గీరుకుంటూ దిగింది. ఎవరో చెత్త తగలేస్తున్నారనుకున్నాను. కానీ ఆ వాసన నాకు తెలీదా? ఆ బట్టీ ఎప్పుడో మూసేశారు. దాని ఇటికలు కూడా జనం ఎత్తుకుపోయారు.

ఇంకాస్త ముందుకెళ్ళాను. తుమ్మకంప. మొండిగోడలు. వాన నీళ్ళ గుంటలు. కప్పలు అరుస్తున్నాయి. ఉన్నట్టుండి కప్పలన్నీ ఆగిపోయాయి.

టక... టక... టక...

ఒక చోట నించి కాదు. ఇటు చివర నించి అటు చివర దాకా.

అమ్మ కనిపించింది. సరిగ్గా మా గుమ్మం ఉండే చోట నేల మీద గొంతుక్కూర్చుని ఉంది. చేతులు ఆడుతున్నాయి.

"అమ్మా."

"అరవకే గుంటా" అంది మెల్లగా. "అందరూ పన్లో ఉన్నారు."

"అందరూ ఏటి? ఎవులున్నారిక్కడ? లెగు, ఇంటికి పోదాం."

"లెగితే ఎలగే? పీట కాళీ అయిపోద్ది."

రెక్క పట్టుకుని లాగాను. కదల్లేదు. రోజూ ఒంటి చేత్తో లేపి కూర్చోబెట్టే మనిషి. రెండు చేతులా లాగినా ఇంతైనా కదల్లేదు. ఆవిడ పక్కన చీకటి ఇంకొంచెం చిక్కగా ఉంది. ఆ చీకట్లో బూడిద పూసిన చేతులు రెండు కనిపించాయి. వాటి పక్కన ఇంకో రెండు. వాటి పక్కన... చేతులే. మొహాలు కనపడలేదు.

పక్కనున్న మనిషి నోరు తెరిచింది. నోటి లోపల ఎర్రటి నిప్పు.

మా అమ్మ పక్క పీట బొడ్డమ్మది. అడ్డచుట్ట తాగేది, నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని. వీధి పడగొట్టిన నెలలోనే పోయింది. ఆవిడ శవానికి నీళ్ళు పోసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

"ఏటే దమయంతీ" అంది ఆ నిప్పు. "మీ యమ్మకి నడుం పట్టీసింది. కాసేపు కూకుంతే నీ సొమ్మేటి పోద్ది?"

పారిపోదామనే ఉంది. కానీ అమ్మని ఆ వరసలో వదిలేసి ఎలా పోను? చిన్నప్పట్నించీ అలవాటైన పని... ఒళ్ళు దానంతటదే వంగింది. అమ్మ ఒక పక్కకి జరిగింది. నేను కూర్చున్నాను.

అమ్మ అప్పుడు లేచింది. "బేగి ఇంటికొచ్చీగలవు" అంది. వాచిన కాళ్ళు ఈడ్చుకుంటూ, మొండిగోడలు పట్టుకుంటూ, రోడ్డు వైపు మెల్లగా చీకట్లో కలిసిపోయింది.

హమ్మయ్య, అమ్మ బయటపడింది అనుకున్నాను. ఇక నా సంగతి.

లేవబోయాను. భుజం మీద చెయ్యి పడలేదు, ఎవరూ ఆపలేదు. చప్పుడు మాత్రం ఆగింది. వరస మొత్తం నా వైపు తిరిగిందని తెలుస్తోంది.

"నీ జాగాలోకి ఎవులొత్తారు?"

కిందికి చూస్తే నా చేతులు ఆడుతున్నాయి. నేను ఆడించటంలేదు.

అంతలో హౌరా వైపు పోయే రైలు కూత వేసింది. ఇంజను దీపం కట్ట మీంచి నేరుగా మా మీద పడింది. ఆ వెలుగులో ఎవరూ లేరు. తుమ్మకంప, ఇటిక ముక్కలు, బురద. నేను ఒక్కదాన్నే గొంతుక్కూర్చుని ఉన్నాను.

లేచి లగెత్తాను. చెప్పులు ఎక్కడ ఊడాయో తెలీదు. వెనక టక టక మళ్ళీ మొదలైంది. దారంతా పరుగే. దారిలో అమ్మ కనపడలేదు. ఆ సంగతి నాకప్పుడు తట్టలేదు.

ఇంటికొచ్చేసరికి అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. జుట్టు దువ్వుకుంటోంది.

ఒళ్ళో పడి ఏడ్చాను. ఆవిడ నా తల నిమిరింది. "నీ జాగాలో ఎవుల్ని కూకోబెట్టినావు?" అంది.

"ఎవుల్నీ నేదమ్మా. లెగిసొచ్చీసినాను."

"అయితే తలుపు గెడెయ్యి."

వేశాను. కాసేపటికి ఆటో ఆగిన చప్పుడు. ఢిల్లీరావు తలుపు కొట్టాడు.

"దమయంతీ, తలుపు తియ్యి. అత్తని తెచ్చినాను. రోడ్డు పక్కన కూలబడిపోయుంది. నువ్వేటి సేత్తన్నావే ఇంట్లో?"

మంచం మీద అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "తియ్యకు" అంది గుసగుసగా. "అది నాను కాదు."

బయట నించి ఇంకో గొంతు. నీరసంగా... "ఓలే గుంటా... తలుపు తియ్యే... కాళ్ళు పీకేత్తన్నాయే..."

"తియ్యకు."

"గుంటా..."

నేను తియ్యలేదు. ఖాళీ పీట మాటే తలలో తిరుగుతోంది. పీట నేను ఖాళీ చేసి వచ్చాను. ఏదో ఒకటి కూర్చునే ఉంటుంది. అమ్మ మొహంతో వచ్చింది అదే. అలాగే అనుకున్నాను.

"మావా" అన్నాను, "కిటికీలోంచి ఓపాలి సూడు."

పిచ్చెక్కిందా అని తిడుతూనే కిటికీ దగ్గరికొచ్చాడు. మంచం మీద అమ్మని చూశాడు. మొహం తెల్లబోయింది. వెనక్కి తిరిగాడు. గుమ్మంలో ఎవరూ లేరు. ఆటోలోనూ లేరు. టార్చి పట్టుకుని కాలనీ అంతా తిరిగాడు, రోడ్డు దాకా వెళ్ళొచ్చాడు. ఎక్కడా లేదు.

అమ్మకి ఆ వారంలోనే వాపు తగ్గిపోయింది. పరీక్షలు చూసి డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఇప్పుడు ఇంటి పనంతా తనే చేస్తోంది. మతి కూడా కుదుటపడింది. రత్నాలమ్మ అదృష్టవంతురాలు, దేవుడి దయ అంటున్నారు అందరూ. నేనూ అవునంటాను. నన్ను మాత్రం దమయంతీ అనే పిలుస్తుంది.

చాలా రోజులకి ఢిల్లీరావు ఒక మాట చెప్పాడు. ఆ రాత్రి ఆటోలో దారి పొడుగునా ఆవిడ ఒక్కటే అడిగిందట, కొంచెం నీళ్ళియ్యి బాబూ అని. కిడ్నీలు పోయినవాళ్ళకి నీళ్ళు ఎక్కువ ఇవ్వకూడదు, గుక్కెడు గుక్కెడే పోస్తాం. మా అమ్మ దాహానికి గిలగిల్లాడేది. ఇంట్లో ఉన్నావిడ ఆ రోజు నించి ఒక్కసారి కూడా నీళ్ళడగలేదు.

ఆ మాట విన్న రోజు నేను అన్నం తినలేదు. నేను తలుపు తియ్యనిది ఎవరికి? దేవుడా, ఎవరికి?

అప్పట్నించి చీకటి పడితే గుమ్మం బయట చెంబుతో నీళ్ళు పెట్టి మూత పెడుతున్నాను. తెల్లారేసరికి చెంబు ఖాళీ. కుక్కలు తాగుతున్నాయంటాడు ఢిల్లీరావు. తాగితే తాగాయి. మూత మళ్ళీ ఎవరు పెడుతున్నారు?