చివరి పూత

"అయ్యో... ఎవలు ముట్టిండ్రు దీన్ని!"

నవనీత చేతిలోని కూరగాయల సంచి గడపలోనే జారిపడింది. టమాటలు దొర్లుకుంటూ మంచం కిందికి పోయాయి. పొద్దున తను అంగడికి వెళ్లేటప్పుడు కిటికీ పక్క బల్ల మీద తెల్లగా, ఠీవిగా నిలబడి ఉన్న విమానం ఇప్పుడు ముక్కు బల్లకానించి కూలబడి ఉంది. ముందు చక్రం లేదు! తెల్లటి ఒంటి నిండా పసుప్పచ్చ మరకలు... ఎవరో తుడవబోయి ఇంకా పులిమినట్టు, రెక్కల దాకా పాకిన ఎర్రటి చారికలు...

ఇంట్లో ఉండేది ఇద్దరే, తనూ అత్త పోశవ్వా. కూతురు హర్షిణి గురుకులం హాస్టల్లో చదువుకుంటోంది. భర్త గంగాధర్ దుబాయిలో ఉన్నాడు. ఇక ముట్టిందెవరని అడగడం దేనికి?

పోశవ్వ వంటింటి గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది. తల ఎత్తలేదు.

"అత్తమ్మా, నువ్వేనా?"

"నేనే."

"ఎందుకు ముట్టినవ్?"

"ఏమో బిడ్డా... చెయ్యి వడ్డది."

చెయ్యి పడిందట! పసుపూ కారమూ అంటిన చేతులతో వంటింట్లోంచి వచ్చి, ఒళ్లంతా పులిమి, కాలు విరిచి... పైగా నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని చిక్కుడుకాయలు తెంపుతోంది! నవనీతకు ఒళ్లు మండింది. ఆ వెంటనే ఏడుపొచ్చింది. కోపం నిలబెట్టుకోవడం పాపం ఆమెకు ఎన్నడూ చేతకాలేదు.

నవనీతకు ఈ బొమ్మల పిచ్చి ఎట్లా అంటుకుందో మెట్‌పల్లిలో ఆ వాడకంతా తెలుసు. ఒకసారి సెలవు మీద వచ్చినప్పుడు గంగాధర్ కూతురి కోసం ఒక డబ్బా తెచ్చాడు. అందులో విమానం ముక్కలు ముక్కలుగా ఉంది. ప్లాస్టిక్ చట్రంలోంచి ఒక్కో ముక్కనూ కోసి తీసి, అంచులు అరగదీసి, గమ్ముతో అతికించి, రంగులెయ్యాలి. హర్షిణి ఒక రెక్క అతికించి ఆవలించింది. పారేయడం ఎందుకని నవనీత ముందు వేసుకుని కూర్చుంది. చిన్ననాటి నుంచి బీడీలు చుట్టిన వేళ్లవి. ఆకు చివర మడిచి లోపలికి నొక్కే ఆ గోటి నేర్పు సన్నసన్నటి ముక్కల దగ్గర భలేగా పనికొచ్చింది. అప్పటి నుంచి గంగాధర్ వచ్చినప్పుడల్లా చీరతో పాటు ఒక డబ్బా కూడా తెచ్చేవాడు. "మా ఇంటామెకు బంగారం వద్దంట, ఇమానాలు గావాల్నంట!" అని దోస్తుల దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు.

పోశవ్వకు మాత్రం గిట్టలేదు. కోడలు బీడీల చాట పక్కకు జరిపి గరుకు కాగితం పట్టుకుంటే చాలు, "బొమ్మలతోని బర్కతి ఉంటదా, ఇల్లు గడుస్తదా?" అని మొదలుపెట్టేది. ఒకసారి ఆమె ఊడ్చిన చెత్తలో విమానం కిటికీ అద్దం ముక్క పోతే, నవనీత పెంటకుప్ప దాకా వెళ్లి వెతుక్కుంది. అత్తలేని కోడలు ఉత్తమురాలని పెద్దలు ఊరికే అన్నారా! ఆ మాట మనసులో అనుకుంటూనే నవనీత రోజూ అత్త మోకాళ్లకు నూనె రాసేది. అది వేరే సంగతి.

కానీ ఈ విమానం మిగతావాటిలాంటిది కాదు. గంగాధర్ ఈసారి సెలవుకు రావడం లేదు. దుబాయి పని ముగించుకుని ఇంటి దగ్గరే ఉండిపోవడానికి వస్తున్నాడు. అతను ఎక్కబోయే విమానం ఏదో ఫోనులో మెల్లగా అడిగి తెలుసుకుని, అచ్చం అలాంటిదే చేసింది నవనీత. అతుకులు కనపడకుండా లప్పం పెట్టి, ఆరాక అరగదీసి, మళ్లీ పెట్టి... తెల్లరంగు పలచగా పూత మీద పూత వేసి... తోక మీది గీతల స్టిక్కర్లను నీళ్లలో నానబెట్టి జారవిడిచి అతికించి... ఇక చివరి పూత ఒక్కటే మిగిలింది. మెరిసే వార్నిష్ అది. అది పడ్డాక ఏ మరకా అంటదు. ముసురులో వేస్తే పూత పాలిపోతుందని ఎండ కోసం ఆగింది. ఆ ఒక్క పూత లేకపోవడం వల్లనే కదా ఈ పసుపు తెల్లరంగులోకి దిగింది!

ఆయన గడపలో కాలు పెట్టగానే దీన్ని చేతుల్లో పెట్టి, "నువ్వు లేనన్ని దినాలు నేనేం చేసిన్నో చూడు" అనాలనుకుంది. ఏనాడూ నోరు తెరిచి నన్ను విడిచి వెళ్లొద్దని అనలేదు ఆమె. ఇన్నేళ్ల ఎదురుచూపునూ చెప్పుకోవడానికి ఆమె దగ్గర ఉన్నది ఆ విమానమే. ఇప్పుడు అదీ పాడైపోయింది...

"నీ కొడుకు రేపు పొద్దుగాల వస్తడు. నువ్వే ఎదురుపో అత్తమ్మా! నేను చెన్నూరు పోతున్న, మా తల్లిగారింటికి."

పోశవ్వ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. "మొగడొచ్చే యాళ్లకు ఇల్లిడిసి పోతవా బిడ్డా?"

"ఒక్కటే అడుగుతున్న. కావాల్నని చేసినవా, కాదా? గది చెప్పు, చాలు."

పోశవ్వ చేతిలోని కాయను గిన్నెలో వేసింది. "కావాల్ననే చేసిన అనుకో. నన్నే తిట్టుకో," అంది చివరికి.

ఇంకేం మిగిలింది! నవనీత సంచిలో రెండు చీరలు కుక్కింది. మధ్యాహ్నం బస్సు దొరికితే చీకటిపడే లోపే చేరొచ్చు. అయితే ఎంత కోపంలో ఉన్నా బొట్టు పెట్టుకోకుండా గడప దాటే అలవాటు ఆమెకు లేదు. కుంకుమ కోసం దేవుడి గూటి దగ్గరకు వెళ్లింది.

గూట్లో దీపం వెలుగుతోంది. ఎప్పుడో కొండెక్కవలసిన దీపానికి ఎవరో నూనె పోస్తూనే ఉన్నారు! దీపం ముందు తమలపాకు పరిచి ఉంది. ఆకు మీద కందిగింజంత నల్లటి చక్రం... దాని పక్కన శెనగగింజంత నిమ్మపిందె, దాని మీద చిన్న బొట్టు...

నవనీత చెయ్యి కుంకుమ భరిణె మీదే ఆగిపోయింది. గంగాధర్ దుబాయికి బయలుదేరిన ప్రతిసారీ ఈ ఇంటి ముందు జరిగే తంతే ఇది. ఎయిర్‌పోర్టుకు వెళ్లే జీపుకు పోశవ్వ పసుపు రాసి, కుంకుమ పెట్టి, టైరు కింద నిమ్మకాయ పెట్టించేది. కాయ చితికితే గానీ జీపును వాడ దాటనిచ్చేది కాదు. అయితే అది కారంపొడి కాదు... కుంకుమ!

"అత్తమ్మా..." అంది నవనీత వెనక్కి తిరిగి.

పోశవ్వ అప్పటికే వచ్చి నిలబడి ఉంది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"జీపుకు జేస్తుంటిమి... గా ఇమానానికి ఎవలు జేస్తరు బిడ్డా? గంత పైన పోయేదానికి ఒక బొట్టు లేకపాయె, నిమ్మకాయ లేకపాయె. వాడు పోయినప్పుడల్లా నా పానం గుంజుకపోతుండె. నువ్వేమో గసొంటిదే చేసి ఇంట్ల పెట్టినవ్. దీనికి జేస్తె దానికి ముడ్తదనుకున్న..." ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "నిమ్మచెట్టంత దేవులాడి అన్నిట్ల చిన్న పిందె తెంపుకచ్చిన. టైరు కింద పెట్టి జర ముందుకు నూకిన. పిందె చితకలే... టైరే ఇరిగింది! తుడుద్దామంటె పసుపు పోలే..."

"గా ముచ్చట చెప్తే అయిపోవు గదా! ఎందుకు దాచినవ్?"

"ఎట్ల చెప్పుదు బిడ్డా? నా కొడుకు ఎక్కే ఇమానం... పూజలనే కాలిరిగె! నీకు చెప్తే వాడు దిగేదాక నీ పానం నిలువదు. గా గుబులు నా ఒక్కదానికే ఉండనీ అనుకున్న. తిడ్తె తిట్టనీ, తల్లిగారింటికి పోతె పోనీ... వాడొచ్చినంక తోలుకస్తడు. వాని పెయ్యి, పానం మంచిగుంటె అన్నీ మంచిగైతయి గదా!"

నవనీత సంచి అక్కడే వదిలేసింది. ఈ ముసలిదాన్నా తను ఇందాక అన్ని మాటలు అనుకున్నది! తన మీద కసితో చేసిందనుకుంది కానీ, తన భయాన్ని కూడా తన బదులు ఆమే మోస్తోందని ఎట్లా తెలుస్తుంది? నిజం చెప్తే కోడలు భయపడుతుందని, అబద్ధం చెప్పి కోడలితో తిట్టించుకుంది! పొద్దుటి నుంచి ఆ చిక్కుడుకాయల ముందు కూర్చుని, ఒంటరిగా ఎన్ని దేవుళ్లకు మొక్కుకుందో... తను మొగుడి కోసం విమానం చేస్తే, ఆమె కొడుకు కోసం ఆ విమానానికి బొట్టు పెట్టింది. ఇద్దరూ ఎదురుచూసింది ఒక్కడి కోసమే. ఇన్నేళ్లు ఒకే ఇంట్లో ఉండి, ఆ మాట ఒకరితో ఒకరు ఒక్కనాడూ చెప్పుకోలేదు. నవనీత అత్త భుజం మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. పోశవ్వ కూడా ఏడ్చింది. కాసేపటికి ఇద్దరికీ కాస్త సిగ్గేసింది.

"కాలిరిగితే ఎవలన్న సచ్చిపోతరా అత్తమ్మా? కట్టు కడ్తరు. గింతదానికి గింత పరేషానా! రా, కూసో."

బల్ల దగ్గర స్టూలు వేసి అత్తను కూర్చోబెట్టింది. సన్నటి పట్టకారుతో చక్రాన్ని ఎత్తి, విరిగిన చోట గమ్ము బొట్టంత పెట్టి ఆనించింది. "ఇగో, గిట్ల పట్టుకో. ఆరేదాక కదలకు."

పోశవ్వ ఊపిరి బిగబట్టింది. మనవరాలు పుట్టినప్పుడు కూడా ఆమె ఇంత భద్రంగా పట్టుకుని ఉండదు. చాలాసేపటి తర్వాత నవనీత నవ్వి, "ఇగ ఇడువు, అతికింది" అన్నా ఆమె వదలలేదు.

"జర ఉండనీ," అంది.

తడి దూదికి పోయినంత మరక పోయింది. పోనిదాన్ని గరుకు కాగితంతో మెల్లగా అరగదీసి, మీద మళ్లీ తెల్లరంగు వేసింది నవనీత. పొద్దు తిరిగేసరికి ముసురు విడిచి, డాబా మీద మంచి ఎండ కాసింది. వార్నిష్ డబ్బా మూత తీయబోతూ ఆగింది. తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా సన్నటి కుంచె తీసి, ఎర్రరంగులో ముంచి అత్త చేతిలో పెట్టింది.

"ముక్కు మీద బొట్టు పెట్టు అత్తమ్మా."

"వద్దు బిడ్డా! మంచిగ తెల్లగ చేసినవ్. వాడు చూసి నవ్వుతడు."

"నవ్వనీ. నువ్వు పెట్టు, చిన్నగ."

పోశవ్వ పెట్టింది. బొట్టు కాస్త వంకరపోయింది. నవనీత దాన్ని దిద్దలేదు.

రాత్రి భోజనాల వేళ గంగాధర్ ఫోను చేశాడు. "అవ్వా, ఎక్కుతున్న ఇగ."

"ఎక్కు కొడుకా. ఏం ఫికర్ లేదు," అంది పోశవ్వ. ఏ ప్రయాణానికీ ఆమె గొంతు అంత నిమ్మళంగా ఉండటం గంగాధర్ వినలేదు. తల్లికి ఏదైనా జబ్బు చేసిందేమోనని పాపం భయపడ్డాడు కూడా.

తెల్లవారి, తెచ్చిన సామాను ఇంకా వాకిట్లో ఉండగానే నవనీత విమానాన్ని అతని చేతుల్లో పెట్టింది. చెప్పాలనుకున్న మాట మరిచేపోయింది. కళ్లనిండా నీళ్లు మాత్రం వచ్చాయి. గంగాధర్ దాన్ని అటు తిప్పి, ఇటు తిప్పి చాలాసేపు చూశాడు. అతని కళ్లు కూడా చెమర్చాయి.

"అచ్చం నేను దిగిందే! కిటికీలు గట్లనే, తోక గట్లనే... కని ముక్కు మీద గీ బొట్టేందే? నేనెక్కినదానికి బొట్టు లేకుండె."

నవనీత అత్త వైపు చూసింది.

"ఉండె కొడుకా," అంది పోశవ్వ. "నీకు కానరాలే."

గంగాధర్ నవ్వుతూ గోటితో ఆ బొట్టును గీరి చూశాడు. అది రాలేదు. దాని మీద చివరి పూత పడి ఉంది.