మరీ శుభ్రమైన ముద్ర

స్టాంపుల వ్యాపారి తన దుకాణంలో, తన కుర్చీలోనే చచ్చిపోయి ఉన్నాడు. కుడిచేతిలో పట్టకారు అలాగే ఉంది. నుదుటి మీద చిన్న రంధ్రం. సైలెన్సర్ వాడారు గనక పక్క కొట్టు గడియారాల మెకానిక్‌కి కూడా చప్పుడు వినపడలేదు.

ఏజెంట్ నైన్ ఆ కళ్లు మూశాడు. చనిపోయినవాడు అతనికి సొంత బాబాయి. ఏడుపు గొంతు దాకా వచ్చింది, అక్కడే మింగేశాడు.

"ఏడవడానికి సాయంత్రం దాకా ఆగు," అన్నాడు చీఫ్. "మనవాళ్లు ముప్పై రెండుమంది విదేశాల్లో మారుపేర్లతో ఉన్నారు. ఆ లిస్టు ఎవడో కాజేశాడు. చుక్కంత ఫోటోగా కుదించి, మైక్రోడాట్ చేసి ఒక కవరు మీది స్టాంపు కింద దాచారు. కాపీ అదొక్కటే. నాలుగింటికి స్టాంపుల ఎగ్జిబిషన్‌లో చేతులు మారుతుంది. మారిందా, ముప్పై రెండు శవాలు."

"ఏ కవరు సార్?"

"కరీబియన్ సముద్రంలో ఆవగింజంత దీవి ఒకటుందిట. అక్కణ్ణించి వచ్చినట్టు తయారుచేసిన దొంగ కవరు. ఎగ్జిబిషన్‌లో ఆ దీవి కవర్లు రెండొందలున్నాయి. పొద్దున మీ బాబాయి ఫోన్ చేశాడు. 'ఒక కవరు చూశాను, ముద్ర మరీ శుభ్రంగా ఉంది, మావాడికి చెప్పండి' అన్నాడు. అంతే, లైన్ కట్."

నైన్‌కి అర్థమైంది. ఆ దీవి పోస్టాఫీసుకి ఉన్నది ఒకే ఒక్క తేదీముద్ర. పాతికేళ్ల కిందట తుఫానులో కిందపడి అంచు విరిగింది. అక్కడి పోస్టుమాస్టరమ్మ దాంతోనే నెట్టుకొస్తోంది. అప్పట్నించీ ప్రతి ఉత్తరం మీదా గుండ్రటి గీతలో కిందివైపు గోరంత ఖాళీ. ఆవిడతో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపిన బాబాయి చిన్నప్పుడే అతనికిది చూపించాడు. పాపం, దొంగ ముద్ర చేసినవాడు పాత కేటలాగు చూసి నిండు సున్నా చుట్టాడు.

మూడూ యాభైకి నెరిసిన గడ్డం, సోడాబుడ్డి కళ్లద్దాలతో నైన్ ఎగ్జిబిషన్ హాల్లో అడుగుపెట్టాడు. చేతిలో భూతద్దం, దాని పిడిలో ట్రాన్స్‌మిటర్. మీట నొక్కితే కింద వ్యాన్‌లో ఉన్న చీఫ్ మనుషులు నిమిషంలో పైకొస్తారు.

ముత్యాల దండ వేసుకున్న అందగత్తె ఎదురొచ్చింది. డిపార్ట్‌మెంట్‌లో ఆమె పేరు ముత్యాలు. ఆర్నెల్లుగా శత్రుముఠాలో చేరి వీళ్లకి కబుర్లు చేరవేస్తోంది.

"జిగురు ఆరిందా?" అంది.

"వానలో ఎక్కడ ఆరుతుంది?"

కోడ్ సరిపోయింది. అతన్ని వెనకగదిలోకి తీసుకెళ్లి ఆల్బమ్‌లోంచి ఒక కవరు తీసిచ్చింది. "ఇదే. తీసుకుని వెళ్లిపోండి. కొనేవాడు వచ్చేస్తున్నాడు."

నైన్ భూతద్దం పెట్టి చూశాడు. కిందటేడు తేదీ. గీత కింద గోరంత ఖాళీ. అసలు సిసలు కవరు! కంచే చేను మేసిందన్నమాట, కావాలనే వేరే కవరు అంటగడుతోంది. బొటనవేలితో మీట నొక్కాడు.

"పొద్దున దుకాణానికి వెళ్లింది నువ్వేనా?"

ఆమె నవ్వు మాయమైంది. బల్ల మీది కేటలాగు కిందనించి పిస్టల్ బయటికొచ్చింది. "ముసలాయన కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. ఆ ఫోనొక్కటీ చెయ్యకుండా ఉండాల్సింది."

తలుపు తెరుచుకుంది. కొనేవాడు చెయ్యి చాస్తూ లోపలికొచ్చాడు. ఆమె ఎడంచేతి ఆల్బమ్‌లో మిగిలింది ఒకే కవరు. దాని మీద వంక లేని నిండు సున్నా.

నైన్ ఒక్క దూకు దూకి కవరు లాగేశాడు. స్టాంపున్న మూల పర్రున చింపి నోట్లో కుక్కుకుని పరపరా నమిలాడు. పిస్టల్ పేలింది. ఎడమ భుజం భగ్గుమంది. కిందపడ్డా నమలడం ఆపలేదు. మెట్ల మీద బూట్ల చప్పుడు వినపడ్డాక గుటుక్కున మింగాడు.

ముత్యాలుకీ, కొనేవాడికీ బేడీలు పడ్డాయి. చీఫ్ అతని పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"లిస్టేదయ్యా?"

నైన్ పొట్ట చూపించాడు. పొద్దున్నించీ ఆపుకున్న కన్నీళ్లు ఇప్పుడు దొంగగడ్డంలోకి కారాయి.

"బాబాయి చూస్తే చావగొట్టేవాడు సార్. స్టాంపుని చేత్తో ముట్టుకోనిచ్చేవాడు కాదు."

"మరి నోటితోనో?"

"ఆ సంగతి చెప్పకుండానే పోయాడు సార్."