ట్రయల్ రూమ్ ముందు తీపి మొగుడు

చెవిలో ఇయర్‌ఫోన్ గరగరలాడింది.

"ఉడుతా! మాల్ ఏసీలో విషం గ్యాస్ పెట్టారు. రిమోట్ ఉన్నవాడు లోపలే ఉన్నాడు. జనాన్ని ఖాళీ చేయిస్తే అప్పుడే నొక్కేస్తాడు."

"మా ఆవిడ పై ఫ్లోర్‌లో చెప్పులు కొంటోంది సార్!"

"అయితే కబుర్లాపి వాణ్ణి పట్టుకో," అన్నాడు బాస్.

ఏజెంట్ ఉడుత సామాన్యుడు కాదు. పరిగెత్తే రైలు కింద కునుకు తీసి, ఒళ్లు విరుచుకుని లేచిన మనిషి. ఇప్పుడు లేడీస్ షోరూమ్‌లో సేల్స్‌మన్ వేషం. మెడలో కొలతల టేపు. బటన్ నొక్కితే అది ఉక్కు కొరడా.

ఇసకేస్తే రాలనంత జనం. అందులోంచి నెమలి వచ్చింది. విదేశీ ముఠాలో మన మనిషి. ఆమె నవ్వితే షోకేసు బొమ్మలు కూడా మెడ తిప్పి చూస్తాయి.

"ఈ రంగు వెలుస్తుందా?" కోడ్ అడిగింది.

"ఉతికేవాళ్లని బట్టి మేడమ్."

"ఎస్కలేటర్ దగ్గర ఎర్ర టోపీ. వాడే. పరిగెత్తు!" అని గొణిగి, గౌను పట్టుకుని ట్రయల్ రూమ్‌లో దూరింది.

ఉడుత ఎస్కలేటర్ వైపు కదిలాడు. ట్రయల్ రూమ్‌ల ముందు బెంచీ మీద మొగుళ్లు వరసగా కూలబడి ఉన్నారు. ఒళ్లో సంచులు, ముఖాల్లో నెత్తురుచుక్క లేదు. ఒకాయన ఆవలిస్తున్నాడు. ఇంకొకాయన "అయిందా?" అని తలుపు కొడుతున్నాడు. చివరనున్న సూటువాడు మాత్రం నెమలి దూరిన తలుపు వైపు తిరిగి, "తొందరేం లేదు బంగారం, ఇంకో నాలుగు వేసి చూడు," అన్నాడు.

ఉడుత గిరుక్కున వెనక్కి తిరిగాడు. భూమ్మీద ఏ మొగుడూ అనని మాట అది! భాష, నడక, వేషం అన్నీ నేర్పిన ముఠా, కాపురం నేర్పడం మరిచిపోయింది.

సూటువాడు జేబులోంచి కారు తాళంచెవిలాంటి రిమోట్ తీశాడు. బొటనవేలు బటన్ మీదికి దిగుతోంది.

టేపు ఝుమ్మంది. వాడి మణికట్టుకు చుట్టుకుంది. వేలికీ బటన్‌కీ మధ్య వెంట్రుకవాసి! ఎగిరిన రిమోట్‌ని ఉడుత అరచేతిలో పువ్వులా పట్టాడు.

తలుపు లాగితే, లోపల నెమలి ముఖానికి గ్యాస్ మాస్క్.

"ఇది మీకు నప్పలేదు మేడమ్."

"వాడేనని ఎలా కనిపెట్టావోయ్?" అన్నాడు ఇయర్‌ఫోన్‌లో బాస్.

"మీకు పెళ్లయిందా సార్?"

"లేదు."

"అయితే చెప్పినా అర్థం కాదు. ఉంటాను సార్, పైకెళ్లి 'అయిందా?' అని అడగాలి."