వేడి బన్ను మీద పళ్ళ గుర్తు

"మనిషిని చంపడానికి తుపాకీ అక్కర్లేదు టోర్కిల్. వెన్న రాసే కత్తి చాలు."

కోపెన్‌హేగన్‌లో ఆహార శాఖ రహస్య విభాగం. చీఫ్ గుడ్మున్ బల్ల మీద వెన్నకి బదులు నూనెతో చేసే మార్జరీన్ డబ్బా ఒకటి ముందుకి తోశాడు. ఏజెంట్ టోర్కిల్ దాన్ని బాంబుని చూసినట్టు చూశాడు.

"నూనెని గట్టిపరుస్తూ సగంలో ఆపేస్తే ట్రాన్స్ ఫ్యాట్ పుడుతుంది. రక్తనాళాల్ని నిదానంగా పూడ్చేస్తుంది. దాన్ని నిషేధించిన మన కొత్త చట్టం దెబ్బకి పైదేశపు ముఠా ఒకటి అలాంటి సరుకు అమ్ముకోలేక చస్తోంది. పూర్తిగా గట్టిపరిచిందని నమ్మించి వైలె ఊళ్ళో మార్జరీన్ ఫ్యాక్టరీకి అంటగడుతున్నారని కబురు."

"పూర్తిగా గట్టిపరిస్తే ట్రాన్స్ ఉండదా చీఫ్?"

"దాదాపు ఉండదు. సగంలో వదిలేస్తేనే ముప్పు. నీ రిపోర్టుల్లాగే."

టోర్కిల్ నవ్వలేదు. చీఫ్ నవ్వాడు.

"నువ్వక్కడ రుచి చూసే ఉద్యోగివి. లోపల మన మనిషి ఉంది. 'రొట్టె మీద ఎంత రాస్తావు?' అని అడుగుతుంది. నీ జవాబు?"

"పళ్ళు దిగేంత."

డేనిష్ గడ్డ మీద పుట్టినవాడికి ఆ కోడ్ నేర్పక్కర్లేదు. కొరికినచోట పళ్ళ అచ్చు పడేంత మందంగా రాస్తేనే అది వెన్న రాయడం. దానికి పళ్ళవెన్న అని పేరు కూడా పెట్టుకున్నారు ఈ మహానుభావులు.

పెట్టుడు మీసం, దళసరి కళ్ళద్దాలతో టోర్కిల్ వైలె చేరాడు. కోడ్ అడిగింది ల్యాబ్ హెడ్ మరేటె. జుట్టుకి ఫ్యాక్టరీ వల బిగించుకున్నా చూపు తిప్పుకోనివ్వని ఆడది. అతని చేతిలో ఒక లైటర్ పెట్టింది.

"స్కానర్. ఎర్రలైటు వెలిగితే ట్రాన్స్. పచ్చది వెలిగితే హాయిగా తిను."

"నువ్వు ఇస్తే ఏదైనా తింటాను."

"అయ్యో, ఏజెంట్లకి ఇంత తొందరగా ఆకలేస్తుందా?"

టోర్కిల్ చెవులు ఎర్రబడ్డాయి. అక్కడితోనే సగం మునిగాడు.

కొత్త మార్జరీన్‌కి ఏ కంపెనీ కొవ్వు వాడాలో ఆ వారమే రుచి చూసి తేల్చాలి. రెండు నమూనాలు మిగిలాయి. ఓట్లు సమానం. టోర్కిల్ రెండిటికీ లైటర్ చూపించాడు. పచ్చ, పచ్చ. రొట్టె మీద దట్టంగా పట్టించి కొరికాడు. మొదటిదాంట్లో పళ్ళ అచ్చు పడింది గానీ అంచులు జారిపోయాయి. రెండోది శిల్పం చెక్కినట్టు నిలబడింది. అతని ఛాతీ పొంగింది.

"ఇదీ మార్జరీనంటే!" అని చెయ్యెత్తాడు. అతని ఓటుతోనే అది గెలిచింది.

గెలిచిన నమూనా ఉద్యోగులకి ఉచితం. టోర్కిల్ ఇంటికి వెళ్ళినప్పుడల్లా తండ్రి ఓలుఫ్‌కి డబ్బాలు పట్టుకెళ్ళాడు. ముసలాయన గుండెలో అప్పటికే స్టెంట్ ఉంది. కొడుకు తనకోసం ఏదైనా తేవడం చాలా ఏళ్ళ తర్వాత అదే మొదలు.

కొన్ని వారాలకి ఒక శుక్రవారం ఉదయం. అందరూ కలిసి టిఫిన్ చేసే రోజు. క్యాంటీన్‌లో పొయ్యిలోంచి తీసిన బన్నులు పొగలు కక్కుతున్నాయి. టోర్కిల్ రాసుకుని కొరికి, కాఫీ కోసం లేచాడు. తిరిగొచ్చి చూస్తే బన్ను ఇంకా చెయ్యి కాలేంత వేడిగా ఉంది. మార్జరీన్ మీద అతని పళ్ళ వరస చెక్కుచెదరలేదు.

అంత వేడికి వెన్న కరగాలి. మంచి మార్జరీనూ జారాలి. ఇదెందుకు నిలబడింది? ట్రాన్స్ ఉన్నందుకా?

లైటర్ తీసి బన్నుకి చూపించాడు. పచ్చ. బూటుకి చూపించాడు. పచ్చ. టేబుల్ మీది కొవ్వొత్తికీ, పక్కవాడి గొడుగుకీ పచ్చే. బూటు తిన్నా మంచిదేనంటోంది స్కానర్!

టోర్కిల్‌కి ఒళ్ళంతా సిగ్గుతో కాలిపోయింది. మోసపోయినందుకు కాదు. నోరు ముందే నిజం చెబితే దాన్ని మెచ్చుకుని చెయ్యెత్తినందుకు.

బయట అదే కొవ్వుతో మొదటి ట్యాంకర్ వచ్చి ఆగింది. ఆ సరుకు నీళ్ళతో, నూనెతో కలిసి చల్లటి గొట్టాల్లో గడ్డకట్టి డబ్బాల్లోకి దిగితే సోమవారానికల్లా దేశమంతా పళ్ళ గుర్తులే. టోర్కిల్ కాఫీ కప్పుతోనే మెట్లు దూకుతూ పంపుల హాల్లోకి పరిగెత్తాడు. మీసం దారిలో ఊడిపోయింది.

వాల్వ్ మీద మరేటె చెయ్యి. రెండో చేతిలో పిస్తోలు.

"ఎవరి మనిషివి నువ్వు?" అని రొప్పాడు.

"ఎవరు ఎక్కువిస్తే వాళ్ళ మనిషిని. పేపర్లు దిద్దాను, లైటర్ దిద్దాను. కానీ ఓటు మాత్రం నేను దిద్దలేదు టోర్కిల్. మీవాళ్ళకి పళ్ళ గుర్తు పడితే చాలు, ఇంకేమీ చూడరు."

ఆమె వాల్వ్ తిప్పింది. పంపు మూలిగింది. గొట్టానికున్న గాజు కిటికీలో తెల్లటి కొవ్వు పాక్కుంటూ వస్తోంది. టోర్కిల్ చేతిలోని వేడి కాఫీని ఆమె మణికట్టు మీదికి విసిరాడు. తూటా పైకప్పుని తాకింది, పిస్తోలు జారి గొట్టాల కిందికి పోయింది. అతను ఎగిరి ఎర్ర హ్యాండిల్‌కి వేలాడాడు. పంపు ఆగింది. మొదటి చుక్క గొట్టం అంచున వేలాడుతూ, కింద పడకుండా అక్కడే గడ్డకట్టింది.

"శభాష్," అన్నాడు ఫోన్లో చీఫ్. "మరేటె మన చేతికి చిక్కింది. నీకు పతకం ఇప్పిస్తాను."

"వద్దు చీఫ్," అన్నాడు టోర్కిల్.

ఆదివారం అతను తండ్రి ఇంటికి వెళ్ళి, ఫ్రిజ్‌లోని పాత డబ్బాలన్నీ సంచిలో వేసుకున్నాడు. కొత్త డబ్బా బల్ల మీద పెట్టాడు. ఓలుఫ్ వేడి బన్నుకి దాన్ని పట్టించి కొరికాడు. అచ్చు పడింది, జారిపోయింది.

"ఇదేం సరుకురా? నిలవట్లేదు. ఆ పాతదాన్ని పట్టుకుపోతావేం? దాన్ని ఎంచినవాడెవడో గానీ రుచి తెలిసిన మనిషి."

టోర్కిల్ సంచి మూతి బిగించాడు. తలెత్తలేకపోయాడు.

"దాన్ని ఎంచింది నేనే నాన్నా."

ఓలుఫ్ కొడుకుని పైనుంచి కిందిదాకా చూసి, రొట్టె నములుతూ నవ్వాడు.

"ఊరుకోరా. నీకంత రుచి ఎక్కడేడిచింది!"