దేముడమ్మ నీళ్ళు పొయ్యని లారీ

పొయ్యి మీద చోడి అంబలి ఉడికేలోగా దేముడమ్మ ఇత్తడి చెంబును చింతపండుతో తోమి, నీళ్ళు నింపి, పసుపు కలిపి గడప పక్కన పెట్టుకుంది. ఇవాళ ఇంటికి సొంత లారీ వస్తోంది. ఎద్దు వచ్చినా ఆవు వచ్చినా ఇంటి ఇల్లాలు దాని కాళ్ళ మీద పసుపు నీళ్ళు పోశాకే దొడ్లోకి తోలుకోవడం ఆ ఇంటి ఆచారం. లారీకి కాళ్ళు లేకపోతేనేం, టైర్లున్నాయి కదా అనుకుంది.

ఆ ఆచారం పైపై ముచ్చట కాదు. అత్త జగ్గమ్మ బతికున్న రోజుల్లో మామ సంతలో మోజుపడి ఒక కోడెను తెచ్చాడు. జగ్గమ్మ దాని చుట్టూ తిరిగి, కళ్ళలోకి చూసి, ఇది పొడిచే గొడ్డు, నీళ్ళు పొయ్యనని చెంబు బోర్లించేసింది. మామ మారు మాట్లాడకుండా ఆ కోడెను వెనక్కి తోలుకుపోయాడు.

దేముడమ్మ మొగుడు గంగులు పెళ్ళినాటి నుంచీ విజయనగరంలో నరసింగరావు దగ్గర లారీ డ్రైవరు. సాలూరు ఘాటీ ఎక్కి రాయపూరు దాకా పోవడం, ఎప్పటికో తిరిగి రావడం, ఇంట్లో రెండు పూటలు తిని మళ్ళీ ఎక్కడం. నీలవేణి పుట్టినప్పుడు అతను లేడు. వచ్చేసరికి బారసాల కూడా అయిపోయింది. జగ్గమ్మ పోయినప్పుడు ఘాటీ అవతల ఉన్నాడు, అన్న సోములే తలకొరివి పెట్టాడు. ఆ తరవాతే గంగులు పెళ్ళాం చేతులు పట్టుకుని, సొంత బండి కొంటే పొద్దున్న వెళ్ళి సాయంత్రానికి ఇంటికొచ్చేస్తానని మాటిచ్చాడు. ఆ ఒక్క మాట నమ్మి దేముడమ్మ తన తల్లి పసుపు కుంకాల కింద ఇచ్చిన పల్లపు మడిని అమ్మనిచ్చింది.

ఏ బండి కొనాలో కూడా ముందే అనుకున్నారు. విజయనగరం షెడ్డులో ఒక పొట్టి లారీ ఉంది. నెల్లిమర్ల మిల్లుకి గోగునార కట్టలు, ఆమదాలవలస స్టేషనుకి ధాన్యం బస్తాలు తోలుకోవడానికి అది చాలు. పనిలోంచి మానేస్తానని చెప్పిన రోజు నరసింగరావు మిగతా డ్రైవర్ల ముందు పకపకా నవ్వి, నీలాంటివాడికి గోగునార మోసే డొక్కు బండే ఎక్కువ అన్నాడట. ఆ రాత్రి గంగులు అన్నం ముట్టలేదు. అన్నవాడి నోరు పడిపోనూ అని దేముడమ్మ తిట్టుకుంది గానీ, ఆ మాట మొగుడి కడుపులో ఎంత లోతుకు దిగిందో కనిపెట్టలేకపోయింది.

అంబలి దించుతుండగా హారన్ మోగింది. చెంబు పట్టుకుని ఆవిడ గబగబా వీధిలోకొచ్చి, అక్కడే నిలబడిపోయింది.

వచ్చింది పొట్టి లారీ కాదు. వీధి మలుపు తిరగడానికే ఆపసోపాలు పడుతున్న పొడుగాటి డీజిలు లారీ. ఊరు ఊరంతా దాని వెనకే వచ్చింది. స్టీరింగు వదిలి గంగులు దిగాడు, పక్క సీట్లోంచి సోములు పెళ్ళికొడుకులా దిగాడు. సాయంత్రం దాకా ఇంటివాళ్ళకి చూపించుకోవచ్చని, నచ్చకపోతే తిరిగి అప్పజెప్పి బయానా పట్టుకుపోవచ్చని షెడ్డు ఆసామీ అన్నాడట. నచ్చకపోవడమేమిటి, ఇలాంటి బండి ఈ చుట్టుపక్కల ఎవరికుందని సోములు ఊరందరికీ వినబడేలా చెబుతున్నాడు.

“పొట్టి బండి ఏటయింది మావా?” అంది దేముడమ్మ గంగులుతో.

“దానికంటే ఇది బాగున్నాదే. రాయపూరు లైన్లో తిప్పినామంటే రెండేళ్ళలో నీ మడి నీకు కొనిచ్చెస్తాను.”

“రాయపూరు లైనంటే ఇంటికాడ ఎన్నాళ్ళుంటావు?”

గంగులు ముందు టైరును కాలితో తట్టాడు. అవన్నీ తరవాత మాట్లాడుకుందాం, నలుగురూ చూస్తున్నారు, ముందు నీళ్ళు పొయ్యమన్నాడు.

“సూడనీ. నేను పొయ్యను.”

బావగారి ఎదుట తలుపు చాటునే నిలబడే మనిషి ఇవాళ నడివీధిలో కదలకుండా నిలబడింది. ఒళ్ళంతా మండుతోంది ఆవిడకి. మండదా మరి? మడి పోయింది, ఇచ్చిన మాట పోయింది, పైగా నలుగురి ముందు నవ్వుతూ నీళ్ళు పొయ్యాలట.

గంగులు మొహం ఎర్రబడింది. “ఏ బండి కొనాలో డైవరుకి తెలుస్తాదా, అంబలి కాసుకునేదానికి తెలుస్తాదా?”

“బండి సంగతి నాకు తెల్దు. నువ్వు ఎవలికోసం తెచ్చినావో తెలుసు. మీ యమ్మ పోయిన్నాడు నిన్ను ఘాటీ మీద తిప్పినోడి కళ్ళు కుట్టాలని తెచ్చినావు. ఆ నరసింగరావుకి సూపించడానికా మావా, మా యమ్మ మడి అమ్ముకున్నాం?”

నిజం తగిలితే కొందరు తగ్గుతారు. గంగులు తగ్గే రకం కాదు. నువ్వు పొయ్యకపోతే నేనే పోసుకుంటానని వచ్చి చెంబు పట్టుకు లాగాడు. దేముడమ్మ వదల్లేదు. ఇద్దరి మధ్యా చెంబు ఒరిగి పసుపు నీళ్ళు సగం అతని కాళ్ళ మీదా సగం దుమ్ములోనూ పడ్డాయి. ఆడదానికి ఇంత పొగరు కూడదని సోములు వెనకనుంచి ఎగదోస్తున్నాడు. గంగులు చెయ్యెత్తాడు.

అప్పుడే ఇంట్లోంచి ఏదో ఈడ్చుకొస్తున్న చప్పుడైంది. ఐదేళ్ళ నీలవేణి. తండ్రి దూరాలు వెళ్ళేటప్పుడు పట్టుకుపోయే పక్కచుట్ట, గొంగళీ దుప్పటీ కలిపి తాడుతో కట్టి ఉన్నదాన్ని, తనకంటే లావైనదాన్ని, రెండు చేతులా లాక్కుంటూ వచ్చింది. మనుషుల మధ్యనుంచి దూరి లారీ మెట్టు దాకా తెచ్చి, ఎత్తలేక ఆగిపోయింది.

“అయ్యా, అందుకో” అంది.

గంగులు చెయ్యి దానంతటదే దిగిపోయింది. “ఎవలు తెమ్మన్నారే నిన్ను?”

“ఎవలూ తెమ్మన్లేదు. లారీ వచ్చింది గదా. ఎలిపోతావు గదా.”

ఆ గొంతులో ఏడుపు లేదు, అలక లేదు. మబ్బు పడితే ఆరేసిన వడ్లు ఎత్తుకోవాలని చెప్పినంత మామూలుగా చెప్పింది. గుమ్మం ముందు లారీ ఆగిందంటే నాన్న వెళ్ళిపోతాడని, అంతే, ఆ గుంటకి పుట్టినప్పటినుంచీ తెలిసింది అదే. గంగులు పక్కచుట్ట వైపే చూస్తూ లారీ మెట్టు మీద కూలబడ్డాడు.

సోములు మాత్రం ఊరుకోలేదు. ఆడదాని మాటకి లొంగితే ఊళ్ళో తలెత్తుకోలేవన్నాడు.

గంగులు తలెత్తి అన్నని చూశాడు. “అమ్మ కోడెని తిప్పి పంపినప్పుడు అయ్య నోరెత్తినాడేటి?”

ఆ మాటకి సోములు తువ్వాలు దులుపుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. గంగులు పక్కచుట్టను ఇంట్లో పెట్టొచ్చి, కూతుర్ని ఎత్తుకుని సీట్లో కూర్చోబెట్టి, పెళ్ళాం వైపు చూడకుండానే అన్నాడు: “నువ్వూ ఎక్కు. ఆ పొట్టి బండి ఇంకా ఉంటే నువ్వే సూసి సెప్పు.”

దేముడమ్మ ఎక్కింది గానీ కోపం దిగలేదు. ఇన్నేళ్ళు డ్రైవరు పెళ్ళాంగా ఉండి లారీలో కూర్చోవడం అదే మొదటిసారి. దారి పొడుగునా మొహం కిటికీ వైపే తిప్పుకుని, చెట్లకేసి చూస్తూ కూర్చుంది. నెల్లిమర్ల దాటాక నరసింగరావు లారీ ఒకటి ఎదురొచ్చి హారన్ కొట్టి పోయింది. గంగులు పళ్ళు కొరికాడు గానీ బండి వెనక్కి తిప్పలేదు.

పొద్దు వాలేవేళకి పొట్టి లారీ గుమ్మం ముందు ఆగింది. రంగు వెలిసిపోయింది, ఒక తలుపు సరిగా పడదు. దేముడమ్మ మళ్ళీ చెంబు తోమింది, మళ్ళీ పసుపు కలిపింది, ఒక్కో టైరు దగ్గరా ఆగి మనసారా నీళ్ళు పోసింది.

ఇంతలో నీలవేణి లోపలికి పరిగెత్తి, మళ్ళీ ఆ పక్కచుట్టనే ఈడ్చుకొచ్చింది.

ఈసారి గంగులు ఎదురెళ్ళి అందుకున్నాడు. వీధరుగు మీద కూర్చుని తాడు ముడి విప్పసాగాడు. పిల్ల ఈడుపులకి బిగిసిపోయిన ముడి, ఒక పట్టాన రాలేదు. పళ్ళతో పట్టి లాగి విప్పి, దుప్పటి దులిపి లోపల మంచం మీద పరిచాడు.

“ఇది సాయంత్రానికి వచ్చేసే బండే” అన్నాడు కూతురితో. పిల్ల నమ్మనట్టు చూసింది.

పొద్దుటినుంచీ కంట తడి పెట్టని దేముడమ్మ అప్పుడు చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి, అతను మళ్ళీ పక్కచుట్ట కట్టుకోవడానికి వీల్లేకుండా, ఆ తాడును పెరట్లో దండెంగా కట్టి మొగుడి చొక్కా ఆరేసింది.