రెండో బ్రేకు

పళ్ళ డాక్టరు డ్రైవింగ్ స్కూల్లో అడుగుపెట్టిన మొదటి రోజే ఆ స్కూలు బోర్డు కూల్చేశాడు. కూల్చింది కూడా ఆ స్కూలు కారుతోనే. పక్క సీట్లో కూర్చుని పాఠం చెబుతున్న అమ్మాయి తన కాళ్ళ దగ్గరున్న రెండో బ్రేకు నొక్కేలోపే బోర్డు వెల్లకిలా పడింది.

"కొంచెం నొప్పిగా ఉంటుందని ముందే చెప్పాల్సింది," అన్నాడు డాక్టరు, క్లినిక్‌లో అలవాటైన గొంతుతో.

"ఎవరికి? బోర్డుకా, నాకా?"

"మీ నాన్నగారికి."

గుమ్మంలో నిలబడి చూస్తున్న నాన్నగారికి నిజంగానే నొప్పి పుట్టింది. ఊరంతా ఆయన్ని మాస్టారంటుంది. సగం ఊరికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. ఎవరికి నేర్పినా ఆయన కాలు మాత్రం రెండో బ్రేకు మీద నుంచి కదలదు. భార్యకీ అలాగే నేర్పాడు, లైసెన్సూ తెప్పించాడు, ఆ తర్వాత ఒక్కసారి కూడా బండి ఇవ్వలేదు. "నీకు రాదని కాదు," అనేవాడు. మరేమిటో చెప్పేవాడు కాదు.

కూతురిదీ తండ్రి కాలే. డాక్టరు మలుపు తిప్పితే బ్రేకు, కుక్క కనిపిస్తే బ్రేకు, ఎదురుగా సైకిలొస్తే బ్రేకు. పంటి మీద అంత మెత్తగా చెయ్యి వేస్తారట, గేరేం పాపం చేసిందని అలా లాగుతారు అని ఆటపట్టించేది. గేరుకి మత్తిచ్చే వీల్లేదు కదండీ అని అతను నిట్టూర్చేవాడు.

ఒకరోజు జోరున వాన. వైపర్లు ఊపిరాడకుండా కొట్టుకుంటున్నాయి. ఊరు చుట్టి తిరిగొచ్చి కారు ఆపాక అతనన్నాడు, "ఇవాళ మీరు ఒక్కసారి కూడా బ్రేకు నొక్కలేదు."

"అవసరం రాలేదు," అంది.

పచ్చి అబద్ధం. దారిలో ఓ పిల్లి అడ్డమొచ్చింది, ఓ లారీ కూడా. అతన్నే చూస్తూ కూర్చుని ఆమె బ్రేకు సంగతే మర్చిపోయింది. ఆ విషయం తట్టగానే చెవులు వేడెక్కాయి. ఇక డాక్టరు లైసెన్సు చేతికొచ్చాక కూడా రోజూ పాఠానికి వస్తున్నాడంటే, అటువైపు సంగతీ వేరే చెప్పక్కర్లేదు.

మిగిలింది మాస్టారికి చెప్పడం.

ఆ ఇంట్లో పెద్ద విషయాలేవీ ఇంట్లో తేలవు. ఏడాదికోసారి, రెండో బ్రేకున్న డ్రైవింగ్ స్కూలు వాన్ వేసుకుని అందరూ నేషనల్ పార్కుకి వెళతారు. ఏ పంచాయితీ ఉన్నా అప్పటిదాకా దాచుకుంటారు. ఇంట్లో అలిగినవాడు గదిలోకెళ్ళి తలుపేసుకుంటాడు, బండిలో అలిగి ఎక్కడికి పోతాడు, అడవి వచ్చేసరికి దారికి రావాల్సిందే అన్నది మాస్టారి సిద్ధాంతం. అమ్మ మోకాలి ఆపరేషన్‌కి ఒప్పుకున్నదీ ఆ దారిలోనే, కూతురు పెద్ద ఉద్యోగం వద్దని స్కూల్లో చేరతానన్నదీ ఆ దారిలోనే. వెళ్ళేటప్పుడు ఎడమొహం పెడమొహంగా ఉన్నవాళ్ళు వచ్చేటప్పుడు ఒకే దుప్పటి కప్పుకుని నిద్రపోయేవారు.

కూతురు చెప్పింది విని మాస్టారు చాలాసేపు తాళంచెవిని వేలిచుట్టూ తిప్పాడు.

"ఆ బోర్డు డాక్టరా?" అన్నాడు. తాళంచెవి జేబులో వేసుకుని, "ట్రిప్పుకి రమ్మను. నా మాట అక్కడ చెబుతాను," అన్నాడు.

ఈ కబురు వినగానే డాక్టరు మొహం పాలిపోయింది. కొండ మలుపుల్లో వెనక సీట్లో కూర్చుంటే తనకి చిన్నప్పటి నుంచీ కడుపులో తిప్పేస్తుందనీ, మీ నాన్నకి మాత్రం చెప్పొద్దనీ బతిమాలాడు. తను నడిపితే ఏమీ కాదట. ఆమెకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ట్రిప్పుకి వెళ్ళినప్పుడు ఆ వాన్ స్టీరింగ్ నాన్న ఇంతవరకూ ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు.

బయల్దేరిన రోజు పొద్దున్నంతా బాగానే గడిచింది. ముందు సీట్లో కూర్చున్న అమ్మ వెనక్కి తిరిగి తన పంటినొప్పి చరిత్ర మొత్తం చెప్పింది, డాక్టరు శ్రద్ధగా విన్నాడు. కొండ మొదలైంది. రెండు మలుపులకి అతని మాటలు తగ్గాయి. మరికొన్ని మలుపులకి మొహం ఆకుపచ్చగా మారింది. పక్కనున్న అమ్మాయి కిటికీ తెరిచింది, వీపు నిమిరింది, లాభం లేకపోయింది.

"సార్," అన్నాడు చివరికి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని. "స్టీరింగైనా ఇవ్వండి, కవరైనా ఇవ్వండి."

మాస్టారు అద్దంలోంచి అతని మొహం చూశాడు. తర్వాత కొత్తగా కుట్టించిన సీటు గుడ్డలు చూశాడు. రోడ్డు వెడల్పుగా ఉన్నచోట బండి ఆపి, ఆస్తి రాసిచ్చేవాడిలా దిగాడు. అమ్మ వెనక్కి మారింది. మాస్టారు ముందు సీట్లో పక్కన కూర్చుని రెండో బ్రేకు మీద కాలు మోపాడు.

స్టీరింగ్ చేతికి రాగానే డాక్టరు ప్రాణం లేచొచ్చింది. చక్కగానే నడిపాడు. ఊరుకోనిది మాస్టారి కాలు. ప్రతి మలుపుకీ ఓ కుదుపు. వెనక అమ్మ నుదురు ముందు సీటుకి కొట్టుకుంది. కూతురు ముందు సీటు గట్టిగా పట్టుకుంది. ఇలాగే అడవి చేరితే నాన్న మాటేమిటో ఇక అడగక్కర్లేదు.

అప్పుడు డాక్టరు రోడ్డు మీద నుంచి చూపు తిప్పకుండా నెమ్మదిగా అన్నాడు.

"నా దగ్గరికొచ్చేవాళ్ళలో కొందరు భయంతో నా చెయ్యి పట్టేసుకుంటారు సార్. వదలమని నేనెవర్నీ కసురుకోను. నా చెయ్యి వణకడం లేదని తెలిశాక వాళ్ళే వదులుతారు. మీరూ అంతే. నమ్మకం కుదిరేదాకా నొక్కుతూనే ఉండండి."

మాస్టారు తర్వాతి మలుపుకీ నొక్కాడు. పార్కు గేటు వచ్చింది. హారన్ కొట్టకూడదని, బండి దిగకూడదని, నెమ్మదిగా పోవాలని పెద్ద బోర్డు రాసిపెట్టి ఉంది.

"ఈ బోర్డు జాగ్రత్త," అని మాత్రం అన్నాడాయన. అమ్మ కిసుక్కున నవ్వింది.

లోపల దారి చల్లగా, సన్నగా ఉంది. ఓ మలుపు తిరగగానే వాన్ ఆగిపోయింది. నిండుగ్లాసులో నీళ్ళు కూడా తొణకనంత మెత్తగా ఆగింది. ఎందుకాగిందో ముందు ఎవరికీ అర్థం కాలేదు. అంతలో పొదల్లోంచి అడవిదున్నలు ఒక్కొక్కటే రోడ్డెక్కాయి. అన్నిటి వెనకా వచ్చిన దూడ నట్టనడుమ నిలబడిపోయింది. దాని తల్లి వెనుదిరిగి వాన్ వైపు తల వంచింది. డాక్టరు ఇంజను ఆపేసి, రెండు చేతులూ స్టీరింగ్ మీద పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. వెనక అమ్మ, కూతురు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్నారు. తల్లిదున్న ఓ అడుగు ముందుకేసింది. ఏమనుకుందో ఏమో, దూడని మూతితో నెట్టుకుంటూ అవతలి చెట్లలోకి వెళ్ళిపోయింది.

"సమయానికి బ్రేకు వేశారండీ," అంది అమ్మ భర్తతో.

కూతురి మనసు చివుక్కుమంది. ఈ గండం గట్టెక్కించిందీ నాన్న కాలేనన్నమాట. ముందుకి వంగి సీట్ల మధ్యలోంచి చూసింది.

రెండో బ్రేకు పక్కన నాన్న బూట్లున్నాయి. వాటిలో కాళ్ళు లేవు. మాస్టారు సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"వేసింది నేను కాదు," అన్నాడాయన కిటికీ బయటికి చూస్తూ. "గేటు దాటినప్పటి నుంచీ నా కాలక్కడ లేదు."

కూతురి కళ్ళు నిండిపోయాయి. సంతోషం పట్టలేక అమ్మ భుజంలో మొహం దాచుకుంది.

"పోనీవయ్యా బండి," అన్నాడు మాస్టారు. "ఇకమీదట సార్ అనకు. మావయ్యా అను."

"అలాగే మావయ్యా," అన్నాడు డాక్టరు. గొంతు వణికింది. చేతులు మాత్రం వణకలేదు.

సందర్శకులు దిగడానికి వీలున్న చోటికి చేరేసరికి ముందు సీట్లోంచి గురక వినిపించింది. ఇంకొకరు నడుపుతున్న బండిలో మాస్టారు నిద్రపోవడం ఆ ఇంట్లో ఎవరూ చూడలేదు. లేపమంటారా అని డాక్టరు సైగ చేశాడు. అమ్మ వద్దని తల ఊపి, చప్పుడు చేయకుండా దిగి, డ్రైవర్ తలుపు తెరిచింది.

"జరుగు నాయనా. నా లైసెన్సు మూలన పడి మూలుగుతోంది. ఇంకో చుట్టు నేను తిప్పుతాను."

డాక్టరు వెనక సీట్లోకి వచ్చి అమ్మాయి పక్కన కూర్చున్నాడు. బండి కదిలింది. కాసేపటికే అతని మొహం మళ్ళీ ఆకుపచ్చ రంగుకి తిరిగింది.

"కవరివ్వనా?" అని ఆమె చెవిలో అడిగింది.

"వద్దు. చెయ్యివ్వు."

ఇచ్చింది. ముందు నాన్న గురక, స్టీరింగ్ దగ్గర అమ్మ కూనిరాగం. మలుపొచ్చింది, అమ్మ తిప్పింది, రెండో బ్రేకు జోలికి ఎవరూ పోలేదు.